మగ్గాలు నడుస్తుండగానే

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, ఇంజనీరు కాకా పోయిండురా" అంది. నేను ఏమీ అనకముందే, "మగ్గాలు బంద్ పెట్టాల్నా వద్దా అని గల్లీల లొల్లి అయితున్నది. నువ్వు జల్ది రా" అంది.

చావు కబురు వెంటే మగ్గాల మాట ఎందుకు వచ్చిందో షోలాపూర్ బయటి పాఠకులకు చెప్పాలి.

జోడ్‌భావి పేట్‌లో మా ఎదురిల్లు ఆయనది. మిల్లులో మోటార్లు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మనసు మాత్రం ఎప్పుడూ మేడ మీది గదిలో ఉండేది. అక్కడ అమెచ్యూర్ రేడియో సెట్లు తయారుచేసేవారు. లైసెన్సు ఉన్నవాళ్ళు సొంత సెట్లతో, మధ్యలో ఏ కంపెనీ టవరూ లేకుండా, దేశం ఈ మూల నుంచి ఆ మూలకు మాట్లాడుకునే రేడియో అది. ఆయన గీసిన డిజైన్లతో ఎక్కడెక్కడివాళ్ళో సెట్లు కట్టుకున్నారు. ఈ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు. ముఖం చూడని మనుషులు రేడియోలో "సార్, మీ సెట్టు కడుతున్నా, ఇక్కడ ఒక సందేహం" అని అడుగుతుంటే ఆ గదిలో కూర్చుని నేను విన్నాను.

సెట్లకు కావలసిన రాగి తీగ చుట్టలను ఖాళీ కండెల మీద చుట్టేవారు. నూలు చుట్టి నాడెలో పెట్టే మామూలు మగ్గం కండెలే అవి. రాట్నం కాకుది, అంటే ఆయన భార్యది. "రాగి అయితేంది, నూలయితేంది, చెయ్యి ఒక్క తీరుగ నడవాలె" అనేవారు కాకా.

డాబా మీద ఏరియల్ కట్టిన కొత్తలో పక్క మరమగ్గాల కార్ఖానా సేఠ్ గొడవకు వచ్చాడు.

"ఇంజనీర్ సాబ్, మీ తార్ కట్టినప్పటి సంది నా పోగులు టప్పు టప్పున తెగుతున్నయి. మా కరెంట్ గుంజుతున్నది అది!"

"కరెంట్ గుంజితే మగ్గం ఆగుతది, పోగెందుకు తెగుతది సేఠ్? ఎండ చూసినవా ఎట్ల కొడుతున్నదో? నూలు ఎండి తెగుతున్నది. కార్ఖానాల నీళ్ళు చల్లిపియ్యి."

నీళ్ళు చల్లించాక పోగులు తెగడం తగ్గింది. తను గట్టిగా అడిగేసరికి ఏరియల్ భయపడిందని సేఠ్ చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు.

నిజానికి మగ్గాల వల్లే రేడియోకు కష్టం. మోటార్ల స్టార్టర్లలో, వదులైన వైర్లలో పుట్టే చిన్న చిన్న నిప్పురవ్వలు రేడియోలో గరగరమంటాయి. దూరపు గొంతు అందులో మునిగిపోయేది.

ఒకసారి బావ చద్దర్ల లోడుతో లారీ తీసుకుని తూర్పు తీరానికి వెళ్ళాడు. తుఫాను వచ్చింది, అటువైపు ఫోన్లన్నీ పడిపోయాయి. అక్క వెళ్ళి కాకా పక్కన కూర్చుంది. తీరంలో ఉన్న ఆయన రేడియో మిత్రుడొకరు శిబిరాల్లో ఉన్నవాళ్ళ పేర్లు చదువుతున్నారు. చదువుతున్నారని తెలుస్తోంది, పేర్లు మాత్రం తెలియడం లేదు. అక్క లేచి కార్ఖానాకు పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"సేఠ్, జరసేపు మగ్గాలు ఆపున్రి. మా ఆయన పేరు ఉన్నదో లేదో వినాలె."

నడుస్తున్న షిఫ్టులో మగ్గాన్ని ఎవరూ ఆపరు. సేఠ్ అక్క ముఖం చూశాడు. మెయిన్ స్విచ్ దించాడు. తానే వెళ్ళి పక్క కార్ఖానాకు చెప్పాడు, వాళ్ళు ఆ పక్కవాళ్ళకు చెప్పారు. పుట్టి పెరిగిన గల్లీలో పిచ్చుకల అరుపు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. కాకా ఆ మిత్రుడితో బావ లారీ నంబరు మళ్ళీ చెప్పించుకుని, హెడ్‌ఫోన్ తీసి, "ఉన్నడు బిడ్డా. బడిల పెట్టిన్రట. అన్నం గూడ తిన్నడట" అన్నారు.

గల్లీ అంతా ఆయన్ని మెచ్చుకుంది. ఆయన ముఖంలో సంతోషం లేదు. "మగ్గం ఆపితే వినబడే రేడియో ఏం రేడియోరా? వీళ్ళ పొట్ట ఆ మగ్గం మీదున్నది. ఇంకోపారి ఆపుమని అడుగుడు లేదు" అన్నారు.

తర్వాత చాలాకాలం ఆ పనిమీదే ఉన్నారు. ఎన్నో సెట్లు కట్టి విప్పారు. చివరికి సేఠ్‌ను అడిగి కార్ఖానా గోడకు రెండో ఏరియల్, చిన్నది, పెట్టారు. దానికి మగ్గాల గరగర తప్ప మరేమీ వినబడదు. ఆ గరగరను తలకిందులు చేసి పెద్ద ఏరియల్‌లో వచ్చేదానితో కలిపితే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, గొంతు మిగులుతుంది. నన్ను పిలిచి హెడ్‌ఫోన్ పెట్టి, ఒక నాబ్ మెల్లగా తిప్పారు. మగ్గాల గరగర నేలలోకి ఇంకినట్టు దిగిపోయింది. ఎవరో పెద్దాయన తన ఊళ్ళో పడుతున్న వాన గురించి చెబుతున్నాడు. అద్భుతం అనే మాట కనబడితే వార్తల్లోంచి కొట్టేయడం నా వృత్తి. ఆ రోజు దానికి బదులు మరో మాట దొరకలేదు.

నేను చేరేసరికి సేఠ్ కాకు ముందు నిలబడి ఉన్నాడు. "ఆనాడు ఆపినం. ఈనాడు ఆయన కోసం ఆపకపోతే మేం మనుషులమా కాకూ?"

"నడవనియ్యిన్రి సేఠ్" అన్నారు కాకు. "మీ మగ్గాలు ఆగొద్దనే గద, పల్లెంల అన్నం చల్లారిపోయినా సెట్టు ముంగటి నుంచి లేవకుండ కూసున్నడు."

పాడె గల్లీ దాటుతుంటే అన్ని మగ్గాలూ నడుస్తూనే ఉన్నాయి. నేతగాళ్ళు మగ్గం దగ్గరి నుంచే ఒక చెయ్యి నుదుటికి ఆనించారు.

సాయంత్రం, ఆయన మిత్రులు రోజూ రేడియోలో కలుసుకునే వేళకు, కాకు మేడెక్కి సెట్టు ఆన్ చేశారు. హెడ్‌ఫోన్ అక్కకు ఇచ్చారు. అక్క కాసేపు విని నాకు ఇచ్చింది. వాళ్ళు వరసగా ఒక్కొక్కరి రేడియో పేరు, అంటే కాల్‌సైన్ పిలుస్తున్నారు, ఎవరిది వస్తే వారు పలుకుతున్నారు. కాకా కాల్‌సైన్ వచ్చింది. దాన్నీ అలాగే పిలిచి, జవాబు కోసం ఆగారు.

కింద గల్లీలో మగ్గాలన్నీ నడుస్తున్నాయి, కాళ్ళ కింద నేల అదురుతోంది. నా చెవిలో మాత్రం వాళ్ళు ఆగిన ఆ కాస్సేపూ ఒక్క గరగర కూడా లేదు.