ఖాజాబీ అక్క చెప్పిన నిజం

ఇస్త్రీ పెట్టె కింద తడి గుడ్డ సుయ్‌మన్నప్పుడు లేచే ఆ వెచ్చటి వాసన తగిలితే చాలు, ఖాజాబీ అక్క నా పక్కన నిలబడి గదమాయిస్తున్నట్టే ఉంటుంది. గద్వాలలో ఆమె కుట్టు దుకాణంలోనే నేను కత్తెర పట్టడం నేర్చుకున్నాను. పోయిన ఏడు ఆమె కన్నుమూసింది. చెప్పిన రోజుకు రవిక కుట్టడం కాకపోతే, కాలేదని గిరాకీ మొహం మీదే చెప్పేసేది. "రేపు రమ్మంటే అయిపాయె గదక్కా" అని నేను గొణిగితే, "రేపు గూడ కాకపోతే? అప్పుడు నీ మొగం సూపిస్తవా?" అని కసిరేది. ఈ ముక్కుసూటితనంతో దుకాణం ఎట్లా నడుస్తుందిరా దేవుడా అనుకునేదాన్ని.

ఒకరోజు తెల్లారి లేచేసరికి నా కుడి చెయ్యి నాది కాదు. మూతి వంకరపోయింది, మాట పడిపోయింది. పక్షవాతమని ఇంట్లోవాళ్లు గట్టు అనే ఊరి దిక్కు పసరు మందుకు తీసుకుపోయారు. సగం పొద్దు అక్కడే గడిచింది. సంగతి తెలిసి అక్క ఉరికొచ్చింది. "జర తెలివున్నదా మీకు? దవాఖానకు నడువుండ్రి!" అని అరిచి, కారు మాట్లాడి మమ్మల్ని కర్నూలు తీసుకుపోయింది.

"ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు అక్కడి డాక్టరు. ఆలస్యమైందంటే వెనక్కి పంపిస్తారని మా ఆయన భయం. "ఇప్పుడే సారూ, పగటి బువ్వ తింటుంటే" అన్నాడు. నాకన్నీ వినబడుతున్నాయి, నోరు మాత్రం పెగలడం లేదు.

"అబద్ధమాడకు తమ్ముడూ!" అక్క గొంతు ఖంగుమంది. "రాత్రి పండుకునేటప్పుడు మంచిగున్నదంట సారూ. లేచేసరికే గిట్లయింది. పసరు పసరని ఇంతసేపు ఆగం జేసిన్రు."

మా ఆయన తల పట్టుకున్నాడు. అయిపోయింది, ఈమె నోటి వల్ల నా బతుకు మునిగిందని నేనూ అనుకున్నాను. ఆ క్షణాన ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

డాక్టరు మాత్రం, "చెప్పి మేలు చేశారమ్మా. రక్తపు గడ్డ అడ్డం పడినట్టుంది. దాన్ని కరిగించే సూదికి సమయం దాటింది. ఆయన మాట నమ్మి ఇస్తే మెదడులో రక్తస్రావం అయ్యేదేమో. ముందు స్కానింగ్ చూద్దాం" అన్నాడు. చూస్తే, మెదడు చాలావరకు ఇంకా బతికే ఉందట. ఇంత ఆలస్యమయ్యాక అందరికీ ఆ అదృష్టం ఉండదట. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగేశారు.

చెయ్యి పూర్తిగా రాలేదు. మాట మెల్లగా తిరిగొచ్చింది. మొదటిసారి "అక్కా" అన్నప్పుడు ఆమె వలవలా ఏడ్చింది. వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇగ మొదలువెట్టింది, దీని నోరు ఎవరు మూయిస్తరు!" అని నవ్వింది.

ఇప్పటికీ ఒక్కోసారి అబద్ధం నాలుక కొస దాకా వస్తుంది. మింగేస్తాను. ఆమె నిజం చెప్పబట్టే ఈ నాలుక మళ్లీ కదిలింది. దీంతో అబద్ధం ఎట్లా ఆడేది?