జర్మన్ దొరను పానా అడిగిన రోజు

నాకు ముక్కు మీదే కోపం. ఒకరి ముందు చేయి చాచడం కంటే చావు నయమనుకునే రకం. అలాంటివాణ్ణి, నట్లు బిగించే ఒక పానా అడగడానికి నెల రోజులు పాఠం నేర్చుకున్నాను.

అరవైల్లో మాట. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ ఫిట్టర్‌గా ఉండేవాణ్ణి. చెరకు వచ్చినన్నాళ్లే పని, తర్వాత ఇల్లే గతి. మూడేళ్లు అట్లాగే గడిచాయి, నా భార్య అప్పుడు కడుపుతో ఉంది. కొత్త మిషన్ బిగించడానికి జర్మనీ నుంచి ఇంజనీరు వస్తున్నాడని, ఆయన దగ్గర కుదిరినవాణ్ణి పర్మనెంటు చేస్తారని తెలిసింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు నలుగురు దరఖాస్తు పెట్టారు. నాకు ఇంగ్లీషు రాదు. జర్మన్ నాలుగు ముక్కలు నేర్చుకుంటే ఆ పని నాదేనని మొండిగా నమ్మాను.

నిజామాబాద్ గంజ్ బజారులో ఒక ముసలి దర్జీ ఉండేవాడు. చాచా అని పిలిచేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల ఫౌజు లారీ నడుపుతూ పట్టుబడి, జర్మనీలో రెండేళ్లు ఖైదులో ఉన్నాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి ఆయన దుకాణానికి పోయేవాణ్ణి. బిట్టె అంటే దయచేసి. డాంకె అంటే మీ మేలు మరువను. "బిట్టె, హెర్" అని మొదలుపెట్టి ఒక రొట్టె ముక్క అడిగే వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. రొట్టె ఉన్నచోట నీకు కావలసిన వస్తువు పేరు పెట్టుకోమన్నాడు. అంతకుమించి ఆ భాష ఆయనకు ఎందుకు రాదో నేను అడగలేదు.

మా ఇళ్లల్లో మంచినీళ్లిచ్చిన మనిషికి షుక్రియా చెబితే, నేనేమన్నా పరాయిదాన్నా అని అవ్వలు ముఖం మాడ్చుకుంటారు. ఆ డాంకె నా నోట పలకడమే కష్టమైంది. చాచా మాటలతో వదల్లేదు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకోవాలి, రెండడుగుల దూరంలో నిలబడాలి, గొంతు సన్నగా, చూపు నేల మీదే ఉండాలి. ఒకసారి తలెత్తాను.

"నిగా కిందికి పెట్టు బేటా," అన్నాడు. "మొహంల జూస్తె అడిగినట్టు గాదు, లడాయికి వచ్చినట్టు."

నాకు ఒళ్లు మండింది. అయినా నవాబుల కాలం నాటి వంగి పెట్టే సలాములు చూసిన ఊళ్లవాళ్లం కదా, జర్మన్ల మర్యాద కూడా అట్లాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

పరీక్ష రోజు మేనేజరు గదిలో నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. బల్ల మీద పనిముట్లు పరిచి ఉన్నాయి. నాకు జర్మన్ వచ్చని మేనేజరు చెప్పగానే ఇంజనీరు నవ్వాడు. ఏదైనా ఒకటి అడిగి తీసుకోమన్నాడు. టోపీ తీశాను. వెనక్కి జరిగాను. గచ్చు వైపు చూస్తూ, చాచా నేర్పిన సన్నటి గొంతుతోనే పానా అడిగాను. పానా అంటే ఏమిటో మేనేజరు చెబితే ఆయన ఇచ్చాడు. డాంకె, డాంకె అంటూ వెనక్కి వెనక్కి నడిచాను.

తలెత్తితే ఆయన ముఖాన నవ్వు లేదు, మెడ దాకా ఎర్రబడి ఉన్నాడు. ఏదో తప్పు పలికాను, పని పోయిందనుకున్నాను. ఎవరు నేర్పారని మేనేజరు చేత అడిగించాడు. చాచా మీదికి ఏం వస్తుందోనని భయమేసింది. అబద్ధం ఆడదామంటే ఒక్కటీ తట్టలేదు. మీ దేశంలో ఖైదీగా ఉన్న మనిషి నేర్పాడని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

మేనేజరు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక, ఆయన నా ముఖం చూడలేక కిటికీ అవతలి చెరకు బండ్ల వైపు తిరిగాడు. తర్వాత నా వైపు తిరిగి, టోపీ పెట్టుకోమని సైగ చేశాడు. రేపటి నుంచి పనికి రమ్మన్నాడట. ఏదైనా కావాలంటే తన ముఖంలోకి చూసి నా భాషలోనే అడగమన్నాడట, ఆ మాటలు తానే నేర్చుకుంటాడట.

సాయంత్రం బస్సుకు నిజామాబాద్ పోయాను. నన్ను చూసి చాచా మిషన్ ఆపాడు. పని దొరికిందా అని అడగలేదు.

"కొట్టలే గద?" అన్నాడు.

లేదన్నాను.

"గట్లయితె నేను మంచిగనే నేర్పిన," అని మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు.