మునియప్ప ఇంటి పెళ్ళికి నేను నింపిన బ్యాటరీ

ఎవర్నీ తిట్టకుండా, దేన్నీ పగలగొట్టకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శ్రద్ధగా పనిచేసి ఒక పెళ్ళి నోరు మూయించిన వైనం ఇది. నమ్మనివాళ్ళకు చూపడానికి ఆ ఏటి డైరీ నా దగ్గరే ఉంది.

యాభైల చివరి రోజులు. హోసూరు కలప డిపోలో గుమాస్తాని. వయసు ఇరవై రెండు. తెలివి, నా అంచనాలో, అంతకు రెట్టింపు. ఉద్దనపల్లిలో ఎద్దులతో కపిల మోట తోలి, బావి నీళ్ళతో మడి తడుపుకునే మునియప్ప కొడుకు పెళ్ళికి మైకుసెట్టు తెప్పించాడు. ఆ ఊళ్ళో కరెంటు లేదు. సెట్టుతో వచ్చిన లారీ బ్యాటరీలో ప్రాణం లేదు. పెళ్ళి ఎల్లుండి. బ్యాటరీ మోసుకుని, కరెంటున్న నా గదికి వచ్చాడు.

"చార్జింగ్ అంగట్లో నాలుగు దినాలు పడతాదంటారు గుమాస్తప్పా. జవళగిరి బీగుల్ని, అదే పిల్లనిచ్చే వియ్యాలోళ్ళని, ఒక్కొక్కర్నీ మైకులో పేరు పెట్టి పంక్తికి పిలుస్తానని మాటిచ్చినాను. పిలవకుంటే నా మర్యాద యాడుంటాది?"

"ఈడ పెట్టి పో అన్నా. రేపంతా నేను నింపుతాను."

"నీకొస్తాదా?"

"ఎన్నిసార్లు చూసినానో!"

చూసిన మాట నిజమే. గోడ నుంచి తీగ బల్బుకు, బల్బు నుంచి బ్యాటరీకి. మధ్యలో ఒక రేకు పెట్టె కూడా ఉండేది. అంగడివాడు దానిమీద టీ గ్లాసు పెట్టుకునేవాడు కాబట్టి అది బల్ల అనుకుని వదిలేశాను.

మర్నాటి డైరీ ఇది: "ఏడు గంటలు: బల్బు వెలుగుతోంది, బ్యాటరీ నిండుతోంది. ఎనిమిది: అదే. తొమ్మిది: అదే." ఇలా సాయంత్రం ఆరు దాకా. పొదిగే కోడైనా మధ్యలో మేతకు లేస్తుంది, నేను లేవలేదు.

పెళ్ళినాడు, మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, బ్యాటరీలో చుక్క లేకపోయినా మైకు బూరకు బంతిపూల దండ! మునియప్ప గొంతు సవరించుకుని "జవళగిరి..." అన్నాడు. బూర ఉలకలేదు.

పెళ్ళికూతురి మేనమామ నవ్వాడు. "ఏమి బీగా, మైకుకు సిగ్గా? మా పిల్లే తలెత్తింది గదా!"

మునియప్ప నా వైపు తిరిగాడు. "నింపినావా, లేదా?"

"పగలంతా నింపినానన్నా! ఏసీ కరెంటంటే మాటలా? సెకనుకు యాభై మార్లు ముందుకూ ఎనక్కీ పరిగెత్తుతాది!"

"పోయినంతా ఎనక్కొచ్చేస్తాదా?"

"అంతా వచ్చేస్తాది!" గర్వంగా చెప్పాను.

"అట్లయితే లోపల ఏం మిగిలిందప్పా?"

నేను వంగి బ్యాటరీకి చెవి ఆనించాను.

"నా కపిల ఎద్దులూ ముందుకూ ఎనక్కీ నడుస్తాయి. నీళ్ళు మాత్రం కాలవకే పోతాయి, మళ్ళా బావిలో పడవు. నీ కరెంటుకు అట్లాంటి ఏర్పాటు యాడుంది?"

టీ గ్లాసు కింద ఉంది! ఏసీని డీసీ చేసి ఒకే దిక్కుకు పంపేది ఆ రేకు పెట్టే. కరెంటు ఎటు పోయినా బల్బు వెలుగుతుంది; బ్యాటరీ మాత్రం ఒకే దిక్కుగా పోతేనే నిండుతుంది.

"ఇప్పుడు బీగుల్ని పిలిచేదెట్లా?" అన్నాడు మునియప్ప. బూర మెడలో దండ తీసి నా మెడలో వేసి అరుగెక్కించాడు. "పేర్లు గట్టిగా అరువు!"

అరిచాను. ఒక్క పేరూ వదలకుండా, మూడు పంక్తులకూ అరిచాను. బీగులంతా మర్యాదగా కూర్చున్నారు. చివర్లో నేను విస్తరి ముందు కూర్చుని పాయసం అడిగితే మేనమామ అన్నాడు: "బ్యాటరీ లేని మైకును ఈడే చూసినాం. పాయసం అడిగే మైకూ ఇదే మొదలు!"

మరుసటి రోజు డైరీ: "గొంతు పూర్తిగా డిశ్చార్జి. మిరియాల కషాయంతో చార్జింగు." దాని కింద ఎర్ర సిరాతో శపథం: "బల్బు వెలిగినంత మాత్రాన ఏదో నిండుతోందని ఈ జన్మలో రాయను. ముందు టీ గ్లాసు ఎత్తి కింద ఏముందో చూస్తాను."