వించ్ తాడు చుట్టడానికి ఇద్దరు కావాలి

బావ జీపుకి వించ్ బిగించిన రోజు అత్త గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని చూసి, "ముసిల్దానికి ముక్కుపుడక ఎట్టినట్టు ఉన్నాదిరా" అంది.

"ముక్కుపుడక కాదమ్మా, సెయ్యి. ఇంక మన జీపు ఉన్నకాడే ఉండి ఎంత దూరంలో ఉన్నదాన్నయినా లాక్కొస్తాది" అన్నాడు బావ.

"అయితే ఆ సెయ్యితో రెండు బిందెలు నీళ్ళు కూడా తెమ్మనరా."

అది మా మేనమామ ఇల్లు. శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు, సరుగుడు తోటల మధ్య ఉంటుంది. మాది విజయనగరం. ఎచ్చెర్లలో ఎం.ఏ. చదివిన కాలమంతా నేను మావయ్య ఇంట్లోనే ఉన్నాను. ఆ తోటల్లోకి కర్ర కోసం వచ్చే లారీలూ ట్రాక్టర్లూ వర్షాకాలంలో బురదలోనూ, మిగతా రోజుల్లో ఇసకలోనూ దిగబడుతుంటాయి. వాటిని బావ గొలుసు కట్టి పాత జీపుతో లాగేవాడు. ఒక్కోసారి వాటి పక్కనే జీపూ దిగబడేది. అందుకే వించ్ కొన్నాడు. అదొక ఇనప చక్రం, దానికో మోటారు, చక్రం మీద చుట్టిన ఉక్కు తాడు. తాడు కొసన కొక్కెం.

బిగించేటప్పుడు స్పానర్లు అందించింది నేనే. దాన్ని బంపర్‌కే ఎందుకు బిగించకూడదని అడిగాను. "బంపర్ దేటుంది, వట్టి రేకు. బరువు పడితే వించితో పాటు ఊడొచ్చేస్తాది. సాసీ మీద కూకోవాల" అన్నాడు. శ్రీకాకుళంలో వెల్డింగ్ చేయించి తెచ్చిన మందపాటి ప్లేటుని సాసీకి, అంటే జీపు అడుగు చట్రానికి, బోల్టులతో బిగించి, దాని మీద వించ్ కూర్చోబెట్టాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగలు ఇంజను వేడికి కాలిపోకుండా పాత రబ్బరు గొట్టం చీల్చి తొడిగాడు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషిని చూస్తూ కూర్చోవడానికి నాకు ఏ సాకూ అక్కర్లేకపోయింది. స్పానర్లు అందిస్తున్నాను కదా.

కొత్త తాడు వదులుగా చుట్టి వస్తుంది. అలాగే వాడితే, గట్టి బరువు పడినప్పుడు పై చుట్టు కింది చుట్ల సందుల్లోకి దిగబడి ఇరుక్కుపోతుంది. అందుకని తాడంతా విప్పి, కొక్కేన్ని చెట్టుకి తగిలించి, జీపు బరువు మీద మళ్ళీ చుట్టాలి. తాడు చుట్టుకునే కొద్దీ జీపే మెల్లగా చెట్టువైపు వస్తుంది. చెట్టుకి తాడు నేరుగా చుడితే బెరడు కోసుకుపోతుంది కాబట్టి ముందు వెడల్పాటి బెల్టు వెయ్యాలి. ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చుని బ్రేకు మీద కాలు ఆనించి ఉంచాలి. ఇంకొకరు వించ్‌ని నడిపే తీగ రిమోటు పట్టుకుని బయట, తాడుకి ఎడంగా నిలబడి, చుట్టు పక్కన చుట్టు వరసగా పడుతోందో లేదో చూడాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

"నువ్వు ఎక్కు" అన్నాడు బావ.

బ్యాటరీ దిగిపోకుండా ఇంజను నడుస్తూనే ఉండాలి. ఆ పాత ఇంజను మోతలో అతను అరిచింది నాకు వినపడలేదు. నాకేమో గట్టిగా అరవాలంటే సిగ్గు. క్లాసులో హాజరు పలికినా పక్కవాళ్ళకి వినపడని గొంతు నాది. అతను అరుస్తున్నాడు, నేను తల అడ్డంగా ఊపుతున్నాను. అరుగు మీద కూర్చున్న పాప మా ఇద్దర్నీ చూసి పడి పడి నవ్వింది. దిగి నా తలుపు దగ్గరికి వచ్చి, కుడిచేత్తో తన ఎడమచేతి వెనకవైపు మెల్లగా నిమిరి చూపించింది.

అది 'నెమ్మది' అనే సైగ. పిల్లికూనని గట్టిగా నొక్కొద్దని చెప్పడానికి వాళ్ళమ్మ ఎప్పుడో నేర్పింది.

పాప బావ అక్క కూతురు. వాళ్ళది పక్కిల్లే. పుట్టినప్పటి నుంచీ వినపడదు. గుప్పిట మూస్తే 'ఆగు', వేళ్ళు ముడిచి తనవైపు తిప్పుకుంటే 'రా', చెయ్యి ముందుకి తోస్తే 'పో'. ఆ ఇంట్లో అందరికీ వచ్చిన భాషే అది. ఇంజను మోతలో మాకు గుర్తు రాలేదంతే. ఆ రోజు నుంచి వించ్ పనంతా పాప సైగలతోనే చేశాం. నోరు విప్పకుండా ఒక మనిషితో అంతసేపు మాట్లాడగలనని నాకు అంతకుముందు తెలియదు. అతను ఎండలో నిలబడి నా కళ్ళలోకి చూస్తూ తన చేతిని నిమిరితే, నేను బ్రేకు మీద కాలు సవరించుకునేదాన్ని. డైరీలో ఆ రాత్రి ఒక చేతిబొమ్మ గీసి మూసేశాను.

ఉప్పుగాలి ఊరు కదా, వించ్‌ని ఊరికే వదిలేస్తే తుప్పు పట్టేస్తుంది. ఇసకలో పని చేసి వచ్చాక తాడు విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనెగుడ్డతో తుడిచేవాళ్ళం. ఉక్కుపోగులు తెగి ముళ్ళలా లేస్తాయి, అందుకని తోలు గ్లౌజులు వేసుకోవాలి. నా చేతులకి సరిపోయేవి బావ విడిగా తెచ్చాడు. పని లేని రోజుల్లో కూడా మోటారు కాసేపు తిప్పేవాడు. రిమోటు తగిలించే చోట చెమ్మ చేరకుండా మూత నేను చూసుకునేదాన్ని. తుడవడం అయ్యాక మళ్ళీ బరువు మీద చుట్టడం, మళ్ళీ నేను స్టీరింగ్ దగ్గర. లారీలు ఎక్కువగా దిగబడాలని నేను కోరుకున్న రోజులున్నాయి.

ఒక వానరోజు సరుగుడు కర్రల లారీని లాగాం. తాడు తెగితే కొరడాలా కొడుతుందని దాని మీద తడిపిన గోనెసంచులు వేసి, దగ్గరున్న వాళ్ళందర్నీ దూరం పంపి, బావ సైగ చేశాడు. లారీ కదిలింది. డ్రైవరు దిగొచ్చి, నన్ను బావ భార్యననుకుని, "మీ ఆడోలి కాలు బలే నిలకడ బాబూ, జీపు ఈసమెత్తు కదల్లేదు" అన్నాడు. బావ కాదనలేదు. నేనూ కాదనలేదు.

తిరిగొస్తున్నప్పుడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"నాన్నకి ఒకసారి సెప్పి సూడనా?"

"ఏం చెప్తావు?"

"ఏటో నీకు తెల్దేటి?"

రిమోటు తీగని చుట్టలు చుట్టుకుంటూ కూర్చున్నాను. తర్వాత గుప్పిట మూయలేదు. వేళ్ళు ముడిచి, నావైపుకి ఒకసారి తిప్పుకున్నాను. రా అని. అతను చూశాడు.

మావయ్య సమాధానం నేను వంటింట్లోంచి విన్నాను.

"ఒరే, మీ అక్క గుంటని రోజూ కళ్ళెదుట సూస్తూ కూడా ఇదే అడుగుతన్నావేటిరా? మీ అక్కని దాని సొంత మేనమావకిచ్చి నాను సేసింది సాల్దా?"

"పరీచ్చలు సేయించుకుందుం నాన్నా. విశాఖపట్నం ఎల్దాం. డాక్టరు ఎలా సెప్తే అలాగే."

"డాక్టరు సెప్పాడు కదరా అప్పుడే, దగ్గిర సంబంధాలు మళ్ళీ సేసుకోకండని. ఇంకోసారి ఆ మాట వినాలేటి నాను?" మావయ్య గొంతు అరుపు నుంచి ఏడుపులోకి దిగిపోయింది. "అది బంగారంలాంటి గుంట. దాన్ని సూసి మాత్రం ఇంకో బిడ్డకి అలా కావాలనుకోలేను. నన్నొగ్గేయండి."

మేనకోడలంటే మావయ్యకి ఇష్టం లేక కాదు. అదే నాకు దారి లేకుండా చేసింది. ఇష్టం లేదంటే కోపగించుకునేదాన్ని. కట్నం అంటే బావే ఎదురు తిరిగేవాడు. ఇక్కడ ఎవరి మీద కోపం తెచ్చుకోను? అయినా ఒక మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పాపలాంటి బిడ్డ పుడితే అంటారే, పుడితే ఏమవుతుందని? మా ఇద్దరికీ మాటలిచ్చింది ఆ పిల్లే. ఈ మాట నేను మావయ్యతో అనలేదు. ఆయన ఎన్ని ఆసుపత్రుల మెట్ల మీద ఆ పిల్లని ఎత్తుకుని తిరిగాడో నేను చూడలేదు కాబట్టి, అనే హక్కు నాకుందో లేదో తెలియలేదు.

చదువు ముగిసి విజయనగరం వచ్చేశాను. బావకి మా విజయనగరం అమ్మాయినే చేశారు, బంధుత్వం ఏదీ లేని ఇంటినుంచి. పెళ్ళికి వెళ్ళాను. జీపుకి కూడా పసుపు రాసి దండ వేశారు.

తర్వాత సర్టిఫికెట్ కోసం ఎచ్చెర్ల వెళ్ళాల్సి వచ్చింది. అమ్మ అత్తకి ఆవకాయ ఇచ్చి పంపింది. నేను వెళ్ళేసరికి బావ తాడు కడిగి ఆరబెట్టాడు. చుట్టాలి. స్టీరింగ్ దగ్గర కొత్త పెళ్ళికూతురు కూర్చుని ఉంది.

"సెల్లీ, రా రా! మీ బావ దెబ్బలాడతన్నారు నాకు రాదని. నువ్వయితే బాగా సేసేదానివంట కదా. నాకూ నేర్పు" అంది. మంచి మనిషి. ముఖం చూస్తేనే తెలుస్తుంది.

ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. ఇంజను నడుస్తోంది. బావ రిమోటు నొక్కాడు, తాడు బిగిసింది, జీపు చెట్టువైపు కదిలింది. ఆమె భయపడి బ్రేకు గట్టిగా తొక్కింది. తాడు ఒక్క కుదుపు కుదిపి వరస తప్పింది. బావ గుప్పిట మూశాడు. తర్వాత తన చేతిని నిమిరాడు, మెల్లగా.

నావైపు చూసే నిమిరాడు. అలవాటు.

చూపు తిప్పుకోడానికి అతనికి కాస్త సమయం పట్టింది. నేను వేలితో ఆమె వైపు చూపించాను.

"ఏటంటన్నారు? సెయ్యి నొప్పెడతందేటి?" అంది ఆమె.

"కాదు. నెమ్మదిగా అని. కాలు పూర్తిగా వెయ్యకు, ఆనించి ఉంచితే చాలు." మిగతా సైగలు కూడా చూపించాను. రా, పో, ఆగు. ఆమె ఒక్కొక్కటీ నా చేతుల్లో చూసి తన చేతులతో చేసింది. చెడిన వరస విప్పి బావ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమె కాలు నిలకడగా ఉంది. ఇక నా అవసరం లేదు. ఆపినప్పుడు దిగిపోయాను.

అరుగు మీద పాప ఉంది. ఎదిగింది. నన్ను చూపించి, జీపులో సీటుని చూపించి, అరచేయి పైకి తిప్పి అడిగింది. నువ్వు అక్కడ కదా ఉండాలి, ఎందుకు లేవు అని.

మా సైగల్లో దానికి జవాబు లేదు. తెలిసినవన్నీ ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాను. నీళ్ళు, అన్నం, రా, పో, ఆగు. ఏదీ సరిపోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

పాప నా ముఖం కాసేపు చూసింది. తర్వాత నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, దాని వెనకవైపు నిమరడం మొదలుపెట్టింది. ఎప్పుడూ తన చేతి మీద చేసుకునే సైగ, ఆ రోజు నా చేతి మీద చేసింది. ఆపకుండా చేసింది.

ఎదురుగా జీపు చెట్టువైపు వస్తూనే ఉంది. తాడు చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా వరస తప్పలేదు.