నాయన అడిగిన నాలుగు రోజులు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గదిలో ఏదో తిరుగుతోందని మొహం పాలిపోయి దిగివచ్చేవాళ్లకు, ఫ్యాను బేరింగు అరిగిందని చెప్పి వేరే తాళంచెవి ఇవ్వడం నా డ్యూటీలో భాగం. ఇది రాస్తున్నది అలాంటి మనిషేనని గుర్తుంచుకోండి.

మా నాయన నగరిలో చేనేత పని చేసేవాడు. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేశాడు. ఎవరి చీర కనబడినా అంచును వేళ్ల మధ్య పెట్టి చూసి "పోగు తప్పింది" అనేవాడు. నా విషయంలోనూ అంతే. పదో తరగతి పాసైతే, లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయని అడిగాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు.

కడుపులో క్యాన్సర్ ముదిరాక, ఇక చికిత్స లేదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టర్లు చెప్పేశారు. ఆసుపత్రి వార్డులో ఉంచవచ్చు, తిరుపతి శివార్లలో అలాంటి రోగుల కోసమే ఉన్న కేంద్రంలో చేర్చవచ్చు, లేదంటే ఇంట్లోనే పెట్టుకోవచ్చు, వారానికి రెండుసార్లు నర్సు వస్తుంది అన్నారు. నాయన ఇల్లే కావాలన్నాడు. ఇల్లంటే నా అద్దె ఇల్లు, కింది వాటా. అక్కడికి స్ట్రెచర్ మీదే వచ్చాడు.

మార్ఫిన్ ఎప్పుడు ఇవ్వాలో, పడకవల్ల వీపున పడ్డ పుండు ఎలా కడగాలో, నొప్పి కలగకుండా మనిషిని ఎలా తిప్పాలో నేర్చుకున్నాను. వార్డులో కూడా ఇంత శుభ్రం ఉండదని నర్సు అన్నప్పుడు చాలా గర్వపడ్డాను. నాయన మాత్రం దుప్పట్లో ముడత చూపించాడు.

పైవాటాలో ఉండే ఓనరమ్మ చెడ్డమనిషి కాదు. భయం, అంతే.

"ఏమనుకోవద్దు పాపా. సచ్చిపోయిన నచ్చత్రం మంచిది కాకుంటే ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాల. ఆ సెంటరుకు తీసుకోని పో" అంది.

కేంద్రానికి వెళ్లి చూశాను. మంచి చోటే. ఓపికైన మనుషులు. మంగళవారం సాయంత్రం తీసుకురమ్మన్నారు. కానీ నాయన నా చేతుల్లోనే పోవాలనుకుంటున్నాడని నాకు తెలుసు. బట్టలు సర్దుతూ ఏడ్చాను.

"ఆయమ్మను నువ్వు అడగొద్దు. నేనడుగుతాలే" అన్నాడు నాయన.

అప్పటికి పక్కకు తిరగాలన్నా ఆయనకు నా సాయం కావాలి.

మంగళవారం ఉదయం నర్సు డ్రెస్సింగు చేస్తుండగా కరెంటు పోయింది. అది తిరిగి వచ్చేదాకా నేను నాయన పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. తాను పదిన్నర నుంచి పదకొండుంబావు దాకా మా ఇంట్లో ఉన్నట్టు నర్సు తన పుస్తకంలో రాసుకుంది. ఆ ముప్పావుగంటలో మా ముగ్గురిలో ఎవరూ గది దాటలేదు.

కరెంటు వచ్చి, నర్సు వెళ్లాక ఓనరమ్మ దిగివచ్చింది. గుమ్మంలోనే నిలబడి మంచం వైపు చాలాసేపు చూసింది.

"ఈయన్ను యాడికీ పంపొద్దు పాపా. లేవలేడంటివే? కరెంటు పోయిందని మిద్దెమీద కూర్చోనుంటే మెట్లెక్కి వచ్చినాడు. నాలుగు దినాలు సాలు తల్లీ అన్నాడు."

నేను నవ్వబోయాను. ఆమె చేతిలోని పట్టుచీర చాపింది.

"ఎండకేసిన దీన్ని పట్టి సూసి, పోగు తప్పిందన్నాడు. నా కూతురి పెండ్లికి కొన్న చీర. ఇన్నేండ్లూ నాకే తెలీదు."

కొంగుకు జానెడు దూరంలో, అంచులో, వేలు పెడితేగానీ తెలియనంత సన్నగా నిజంగానే ఒక పోగు లేదు. నాయన ఆమెతో అంతకుముందు ఒక్క మాటా మాట్లాడలేదు.

కేంద్రానికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. నాలుగో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, నొప్పి లేకుండా నా చేయి పట్టుకుని నాయన వెళ్లిపోయాడు. అందరికంటే ముందు ఓనరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అది ఏ నక్షత్రమో ఇప్పటికీ ఆమె ఎవరినీ అడగలేదు.

కర్మకాండ అయ్యాక ఆమె ఇంకో మాట చెప్పింది.

"సెంటరుకు ఎందుకు పోవని అడిగినాను పాపా. నా బిడ్డ సూసినట్టు యాడా సూడరు తల్లీ, దాని చేతిలో ఒక్క పోగు తప్పలేదు అన్నాడు."

ఆయన ఆ మెట్లు ఎలా ఎక్కాడో నాకు తెలియదు. ఇప్పటికీ ఎవరైనా భయపడి దిగివస్తే ఫ్యాను బేరింగనే చెబుతున్నాను. కానీ ఆ మాట మా నాయనదే. ఇంకెవరూ అలా మెచ్చుకోరు.