టీవీ ఆమెకు ఒకటే చీర

చిన్నప్పుడు తమ్ముణ్ని ఎత్తుకోవాలని నన్ను బడికి పంపలేదు. అక్షరాలు ఈ మధ్యనే వచ్చాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నిన్న పంజాగుట్ట దుకాణంలో ఓ చిన్న టీవీలో బొమ్మ ఎలా వస్తోందో చూస్తుంటే మా అమీర్‌పేట ఇల్లు గుర్తొచ్చింది.

నాన్న కలర్ టీవీ కొనలేక, బ్లాక్ అండ్ వైట్ టీవీ తెరకు రంగుల పట్టీలున్న ప్లాస్టిక్ షీటు తగిలించాడు. చూపు ఆనని నానమ్మకు, నాకు అది కలర్ టీవీ అనే చెప్పాడు. వార్తలు చదివే ఆమె చీర ఏ రంగని నానమ్మ రోజూ నన్ను అడిగేది.

"మీద ఎరుపు, కింద ఆకుపచ్చ."

"ఇయ్యాల సుత గదేనా? పాపం, ఒక్కటే చీర ఉన్నట్టుంది బిడ్డా!"

నాన్న తలొంచుకున్నాడు. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం టీవీ ఆమె మీద జాలేసింది.

మర్నాడు పొద్దున అమ్మది ఓ నీలం చీర మడిచి, డ్యూటీకి వెళ్తున్న నాన్న చేతికిచ్చి, టీవీ ఆమెకివ్వమన్నాను.