బదిలీ అయిన తండ్రులు

పల్నాట విలేకరిగా తిరిగిన రోజుల్లో బడి బాగుపడటం గురించి నేను చానామంది నోట విన్నాను. బడిలో పనిచేసేవాళ్లు పైకప్పు కారుతోందనీ నల్లబల్ల తెల్లబడిందనీ అనేవాళ్లు. బడిని నడిపేవాళ్లు గేటుకు ఆర్చి కట్టిద్దామనేవాళ్లు. ఆర్చి ముందు లేచేది. వాన వస్తే పిల్లలు దాని కింద నిలబడేవాళ్లు.

గురజాల నుంచి దాచేపల్లి పోయే దారిలో, బస్సు ఆగే ఒక ఊళ్లో అలాంటి ఎయిడెడ్ హైస్కూలు ఉండేది. ఎయిడెడ్ అంటే భవనమూ పెత్తనమూ కమిటీవి, మేష్టర్ల జీతాలు ప్రభుత్వానివి. మంచి పేరు వస్తే కమిటీకి, చెడ్డపేరు వస్తే హెడ్మాస్టరుకు. కమిటీలో తొమ్మిది మంది ఉన్నా అందులో మాట్లాడేది బడి పెత్తనం చూసే కరస్పాండెంటు ఒక్కడే. ఆయనకు నాపరాయి క్వారీ ఉండేది. అయిదో తరగతితో ఆగిపోయిన మనిషి కాబట్టి చదువంటే ఆయనకు నిజంగానే గౌరవం. చిక్కల్లా ఆ గౌరవాన్ని ఊరికే ఉంచుకోకుండా వాడుకోవడంలో వచ్చేది.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తల్లో ఆయన లారీ కాయితాల పని మీద గుంటూరు వెళ్లాడు. అక్కడ ఒక బడి ముందు ‘పదో తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత’ అని గుడ్డ మీద రాసి కట్టి ఉండటం చూశాడు. మర్నాడే కమిటీ సమావేశం పెట్టాడు. పత్రిక మనిషి కూడా ఉండాలని నాకు కబురు చేశాడు. నేను వెళ్లాను. ఆ కమిటీ మిరపకాయ బజ్జీల విషయంలో పిసినారి కాదు.

“గుంటూరోళ్లకు వచ్చింది మనకెందుకు రాదు?” అన్నాడు కరస్పాండెంటు.

హెడ్మాస్టరు మరో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. “నిజమేనండి” అన్నాడు. ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు అదే.

“క్వారీలో ఏం చేత్తాం? రాయి తీత్తాం. అంచు ఇరిగింది, నెర్రె బాసింది పక్కన పారేత్తాం. నిఖార్సయిందే లారీకెక్కుద్ది. కొనేవోడు మన సరుకు చానా బాగుందంటాడు. అవునా, కాదా?”

“నిజమేనండి.”

“మరి బళ్లో నెర్రె బాసినోళ్లను గూడా పరీచ్చకెక్కిత్తే శాతం ఏడ నిలబడుద్ది?”

గది చివర కూర్చున్న లెక్కల టీచరమ్మ లేచి నిలబడింది. రోజూ మాచవరం నుంచి బస్సులో వచ్చేది. ఆ బడిలో అందరికంటే చిన్న ఉద్యోగి. నాలుగేళ్లు కమిటీ ఇచ్చే చేతిఖర్చు మీద పాఠాలు చెప్పి, ఆ ముందు ఏడాదే ఎయిడ్‌లోకి, అంటే ప్రభుత్వ జీతంలోకి వచ్చింది. సున్నపు బట్టీలో పనిచేసి ఛాతీ పాడై మంచాన పడ్డ తండ్రి ఉన్న ఆ ఇంట్లో నెల తిరిగేసరికి వచ్చే జీతం ఆమెదొక్కటే.

“సార్, సాయంత్రం ఒక గంట బడి తెరిచి ఉంచండి చాలు. లెక్కల్లో ఎనకబడ్డోళ్లను నేను కూర్చోబెట్టుకుంటా. సగం మందన్నా గట్టెక్కుతారు.”

“సగమంటే యాభై గదమ్మాయ్! నేను నూరడుగుతుంటే యాభైకి బేరం పెడతావేంది?”

కమిటీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, నోట్లో బజ్జీ ఉండగానే.

క్వార్టర్లీ పరీక్షల మార్కులు చూసి, పరీక్ష ఫీజు కట్టే లోపల, తొమ్మిది పది తరగతుల్లో ఇరవై ఏడు మందికి టీసీలు ఇచ్చి ఇంటికి పంపాలని తీర్మానం అయింది. తొమ్మిదో తరగతివాళ్లు ఎందుకంటే, వచ్చే ఏడాది నూరు శాతానికి ఇప్పటినుంచే జాగ్రత్త పడాలి గదా అన్నాడు కరస్పాండెంటు. దూరదృష్టి గల మనిషి.

టీసీలో ‘బడి మానుటకు కారణం’ అని ఒక గడి ఉంటుంది. చదువు రాదని రాస్తే అది బడికే తగులుతుంది. నూరు శాతం కోసమని రాయడం కుదరదు. హెడ్మాస్టరు ఒక పూటంతా ఆలోచించి, ఎవరికీ నొప్పి కలగని మాట కనిపెట్టాడు: ‘తండ్రి ఉద్యోగ బదిలీ’. తన గుండ్రటి దస్తూరీతో ఆ మాటను ఇరవై ఏడు సార్లు రాశాడు.

అలా ఒక్క వారంలో ఆ ఊళ్లో ఇరవై ఏడు మంది తండ్రులు బదిలీ అయ్యారు. వాళ్లలో ఉద్యోగం ఉన్నవాడు ఒక్కడూ లేడు. క్వారీ కూలీలు, తాపీ పనివాళ్లు, లారీ క్లీనర్లు, మిరప చేలు కౌలుకు చేసేవాళ్లు. ఇద్దరైతే చనిపోయి కొన్నేళ్లయింది. వాళ్లనూ వదల్లేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను బడిలో ఉండగా రోడ్డు పక్క షెడ్డు మెకానిక్ వచ్చాడు. దాచేపల్లి సిమెంటు లారీలు ఆగిపోతే ఆ సాయిబు చెయ్యి పడాల్సిందే. పదో తరగతి చదివే కూతురి టీసీని నూనె అంటకుండా రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు.

“సారూ, నా షెడ్డు యాడికి బదిలీ అయిందో చెప్తే సామాన్లు సర్దుకుంటా.”

“అది ఆఫీసు భాష భాయ్. పట్టించుకోకు” అన్నాడు హెడ్మాస్టరు.

“ఎట్టాగూ రాశారు గదా, ఆ ఊరి పేరు గూడా రాయండి. దుబాయ్ అని రాస్తే మా ఇంటామె సంతోషపడుద్ది.”

హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మెకానిక్ టీసీని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఆ బడి నుంచి పదకొండు మంది వెళ్లారు. పదకొండు మందీ పాసయ్యారు. రెంటచింతల వైపు నుంచి వడగాడ్పు కొడుతున్న మే నెల మధ్యాహ్నం బ్యాండు మేళంతో ఊరేగింపు తీశారు. గేటు ఆర్చికి పెద్ద గుడ్డ కట్టారు.

“ఎంతమంది రాశారని వెయ్యమంటారు?” అని అడిగాను కరస్పాండెంటును.

“నూరు శాతమని రాయి. ఎంతమందని చదివేటోడు ఎవుడూ అడగడు.”

ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది. ఎవరూ అడగలేదు. మా డెస్కులో కూడా అడగలేదు. నాలుగు పంక్తుల వార్త, ఒక ఫొటో వచ్చాయి. ఫొటో మధ్యలో కరస్పాండెంటు, అటూ ఇటూ కమిటీ. పాసైనవాళ్లలో ముగ్గురి మొహాలు సగం సగం పడ్డాయి.

బళ్లు తెరిచాక విద్యాశాఖ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మాటలు తక్కువ మనిషి. తరగతి తరగతికీ వెళ్లి తలలు లెక్కపెట్టాడు. తొమ్మిదిలోనూ పదిలోనూ రెండేసి సెక్షన్లు నడపడానికి సరిపడా పిల్లలు లేరని తేల్చాడు. సెక్షన్లు తగ్గితే ఒక పోస్టు ఎక్కువైనట్టు. ఎక్కువైన పోస్టు ఎవరిదంటే, ఆఖరున చేరినవాళ్లది. అంటే లెక్కల టీచరమ్మది. మరో బడిలో ఖాళీ దొరికేదాకా ఆమెకు జీతం ఉండదు.

“పదిహేను రోజుల్లో మళ్లీ వస్తాను. అప్పటికీ ఇంతేనైతే పోస్టు తీసేయమని రాస్తాను” అని చెప్పి వెళ్లాడు.

కరస్పాండెంటుకు టీచరమ్మ జీతం సంగతి తట్టలేదు గానీ మరొకటి తట్టింది. “నూరు శాతం వచ్చిన బళ్లో సెక్షన్ ఎత్తేశారంటే ఊరు నవ్వదూ?” అన్నాడు. దాంతో పారేసిన సరుకు కోసమే జీపు బయలుదేరింది. అందులో ఆయన, హెడ్మాస్టరు, నేను. టీచరమ్మను కూడా రమ్మన్నారు.

“నా ఉజ్జోగం నిలబెట్టమని వాళ్లను అడగలేను సార్” అందామె. “వత్తే మాత్రం పాఠం చెప్తా.”

మొదటి ఇల్లు క్వారీ కూలీది. గడప ముందు ఒకామె చింతపండు గింజలు తీస్తోంది.

“అమ్మాయ్, మీ వోణ్ణి బడికి పంపియ్యి” అన్నాడు కరస్పాండెంటు పెద్దరికంగా.

“మావోడు మీ క్వారీలోనేగా అయ్యా రాళ్లు మోత్తంది. మీరే పంపియ్యండి.”

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత విచారిస్తే టీసీలు తీసుకున్నవాళ్లలో ఆరుగురు ఆయన దగ్గరే పనిలో ఉన్నట్టు తేలింది. బడిలో పనికిరానివాళ్లు క్వారీలో బాగానే పనికొచ్చారు.

తర్వాత మెకానిక్ షెడ్డు. సిమెంటు లారీ కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. కరస్పాండెంటు ఆ కాళ్లతోనే మాట్లాడాల్సి వచ్చింది.

“భాయ్, ఒకసారి బయటికి రావయ్యా.”

“నేనీడ లేను బాబాయ్. బదిలీ అయ్యా.”

“అయిందేదో అయింది. పిల్లను బడికి పంపు.”

కాళ్లు కదిలాయి. మెకానిక్ పాక్కుంటూ బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇప్పుడతని మొహంలో వేళాకోళం లేదు.

“పిల్లకు ఒక సమచ్చరం పోయింది బాబాయ్. దాన్ని ఎవురిత్తారు?”

కరస్పాండెంటు నేల చూశాడు.

“లెక్కల టీచరమ్మ ఉంటదా?” అని మెకానిక్ హెడ్మాస్టరును అడిగాడు.

“పిల్లలు వస్తే ఉంటుంది. లేకపోతే ఉండదు.”

“ఆమె ఉండాలనే పంపుతున్నా. మీ ఆర్చికి కట్టిన గుడ్డ కోసం కాదు. మిగతావాళ్లకు నేను చెప్తాలే, మీరు పొండి.”

అతను చెప్పాక వాళ్లూ కదిలారు. వారం తిరిగేసరికి ఇరవై రెండు మంది వచ్చారు. తీసుకోవడమే కష్టమైంది. బదిలీ అయిపోయినట్టు రిజిస్టరులో ఉన్నవాళ్లను ఊరికే ఎలా చేర్చుకుంటారు? హెడ్మాస్టరు మళ్లీ ఒక పూట ఆలోచించి, ‘తండ్రి తిరిగి బదిలీపై వచ్చినందున’ అని ఇరవై రెండు సార్లు రాశాడు. చనిపోయిన ఆ ఇద్దరి దగ్గర కలం కాస్త ఆగింది. తర్వాత వాళ్లనూ వెనక్కి రప్పించాడు.

పదిహేనో రోజున ఆఫీసరు వచ్చాడు. తలలు లెక్కపెడితే సరిపోయాయి. కరస్పాండెంటు టీ తెప్పించాడు. ఆఫీసరు టీ పక్కన పెట్టి రిజిస్టరు తెరిచాడు.

“ఇంతమంది ఒకే వారం బదిలీ అయి, మళ్లీ ఒకే వారం ఈ ఊరికే తిరిగొచ్చారా? మా డిపార్టుమెంటులో ఒక్క గుమాస్తాను మార్చడానికి ఆరు నెలలు పడుతుందండీ.”

ఆయన లేచి పదో తరగతిలోకి వెళ్లి, మొదటి వరసలో కూర్చున్న మెకానిక్ కూతుర్ని అడిగాడు.

“మీ నాన్నది ఏ డిపార్టుమెంటమ్మా?”

“లారీలండీ.”

తరగతి గొల్లుమంది. ఆఫీసరు నవ్వకుండా హెడ్మాస్టరు గదికి తిరిగొచ్చి కూర్చున్నాడు.

“ఈ చేరికలు దొంగ చేరికలు. వీటిని లెక్కలోకి తీసుకోను. ఆ టీసీలు తప్పుగా ఇచ్చాం, ఈ పిల్లలు అసలు ఊరు దాటలేదు అని రాసిస్తే మొదటినుంచీ ఈ బడివాళ్లే అని రాసుకుంటాను. లేదంటే పోస్టు తీసేస్తున్నాను.”

“తప్పని రాత్తే పోయినేటి నూరు శాతం ఏమైద్ది?” అన్నాడు కరస్పాండెంటు.

“శాతంతో నాకు పని లేదు.”

కరస్పాండెంటు జేబులోంచి కలం తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “పోతే పోనీయండి పోస్టు. టీచరమ్మకు ఎప్పట్లాగే కమిటీ చేతిఖర్చిద్ది. ఆ అమ్మాయి మనమ్మాయే.”

టీచరమ్మ హాజరుపట్టీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. నాలుగేళ్లు బతికిన బతుకులోకి మళ్లీ పొమ్మంటున్నారని అర్థమైన మొహం అది.

“ఏమంటారు పంతులు గారూ?” అన్నాడు కరస్పాండెంటు.

ఆయనేమంటాడో అందరికీ తెలుసు. కానీ ఆయన అనలేదు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పరుచుకున్నాడు.

“టీసీల మీద సంతకం కమిటీది కాదండి, నాది. తప్పూ నాదే.”

“ఏందిది? ఇంకో ఏడాదిలో దిగిపోయే మనిషివి, పెన్షనుకు అడ్డం పడుద్ది!”

“పడితే పడుద్దండి” అంటూ రాయడం మొదలుపెట్టాడు. దస్తూరీ ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చింది. చనిపోయిన ఇద్దరి పేర్ల దగ్గర ‘తండ్రి లేడు’ అని విడిగా రాశాడు. ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివి, మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. పోస్టు ఉంటుందన్నాడు. హెడ్మాస్టరుకు సంజాయిషీ కోరుతూ మెమో వస్తుందనీ అన్నాడు. అప్పటికి చల్లారిన టీ తాగి వెళ్లాడు.

వరండాలో కరస్పాండెంటు నా భుజం మీద చెయ్యి వేసి, ఇది పేపర్లో రాయొద్దన్నాడు. నేను రాయలేదు. తర్వాతి జూన్‌లో మా పత్రికలో ఆ బడి ప్రకటన పావు పేజీ వచ్చింది. రెండింటికీ సంబంధం లేదని అప్పట్లో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

కరస్పాండెంటు జీపు వెళ్లిపోయింది. నేను గొడుగు కోసం గదిలోకి వెళితే టీచరమ్మ ఇంకా అక్కడే, బల్ల ముందు నిలబడి ఉంది. హెడ్మాస్టరు సిరాబుడ్డి మూత బిగిస్తూ తలెత్తకుండానే అడిగాడు.

“ఈ పీరియడ్ పది బి సెక్షన్ ఎవరిదమ్మా?”

“నాదేనండి.”

“బెల్లయి అయిదు నిమిషాలైంది. పిల్లల గోల వినిపించడం లేదా? పో.”

ఆమె సుద్దముక్క తీసుకుని వెళ్లింది.